ముల్లు

మా సెంటర్లో దూలానికి వేలాడే త్రాసు.
గుండ్రటి ముఖం, ఒకటే ముల్లు.
దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి
బిడ్డని అందులో దించుతాను.
బిడ్డ ఏడుస్తుంది, ముల్లు ఊగుతుంది.
రెండూ ఆగేక రాస్తాను.

పన్నెండేళ్ళు అలాగే రాసేను.

కిందటి శ్రావణంలో ఓ మధ్యాహ్నం, వాన.
గెడ్డ పొంగింది. పిల్లలు ఒక్కరూ రాలేదు.
ఆయా తవిటమ్మ గచ్చు తుడుస్తూ తలెత్తి
"ఎవలూ లేరు గదమ్మా,
ఆ ముల్లు ఎవల్ని తూస్తంది?" అంది.

నాలుగొందల గ్రాములు.
ఉయ్యాల విప్పేసి మళ్ళీ చూసేను. నాలుగొందలే.
కొట్లోంచి సీలు విప్పని కిలో పంచదార తెచ్చి తగిలిస్తే
కిలో నాలుగొందలు.
సున్నాకి తెచ్చే మర
ఎప్పుడు తుప్పుపట్టి రాలిపోయిందో.

ఆ రాత్రి కూడిక వేసేను.
ఇరవై ఏడుగురికీ కలిపి
పది కిలోల ఎనిమిది వందలు.
అంటే పుట్టని పిల్ల ఒకతె
బువ్వ తినకుండా, గుడ్డు అడక్కుండా
మా రిజిస్టర్లో పెరుగుతోంది.

ఎర్రగీతలో ఉండాల్సినోళ్ళు పసుపులో,
పసుపులో ఉండాల్సినోళ్ళు పచ్చలో.
"పచ్చలోనే ఉన్నాడంటారు,
మరి మా గున్నేశు కూకుంటే లెగలేడేటి?"
అని వాళ్ళమ్మ అడిగితే
దిష్టి తియ్యమన్నదాన్ని నేనే.
అంతా పచ్చగా ఉందని మండలానికి జ్ఞాపిక ఇచ్చేరు.
నాకొక శాలువా కప్పేరు.
చలికాలం కప్పుకున్నాను కూడా. అది దాచను.

ఉత్తరం రాసేను. జవాబు వచ్చింది:
మీ కేంద్రంలో పోషణ లోపం నమోదు కానందున
కొత్త త్రాసు ఆవశ్యకత కనబడుట లేదు.
రెండో ఉత్తరానికి, యాప్‌లో పెట్టమన్నారు.
సిగ్నల్ కోసం జీడితోట గట్టెక్కేను.
యాప్ ముఖం చూపించమంది.
త్రాసు ముఖం చూపించేను.
గుర్తించలేదు.

ఆ త్రాసు మీద మొదటి ఏడు ఏడ్చినవాళ్ళలో
డిల్లేశ్వరి ఒకతె.
దాని మూడో తరగతిని గెడ్డ అవతలి బడిలో కలిపేసేరు.
కాగితం మీద కలిపేరు; గెడ్డ మీద ఏదీ వెయ్యలేదు.
చెప్పులు చేత్తో పట్టుకుని పదో తరగతి దాకా నడిచింది.
లెక్కల్లో పద్దెనిమిది అన్నారు.
వాళ్ళమ్మ మెళియాపుట్టి సంతలో మేకనమ్మి
రుసుం కట్టి మళ్ళీ చూడమంటే
ఎనభై ఒకటి.
"అంకెలు తిరగబడ్డాయి" అన్నారు.
మా వైపు ఒకప్పుడు మనుషులు తిరగబడేవారు.
అంకెలు ఎవరి చేతిలో తిరగబడ్డాయో
కాగితంలో లేదు.
ఆ కాగితం వచ్చేసరికి కాలేజీలో సీట్లు లేవు.
ఇప్పుడు పలాసలో జీడిపిక్కలు వలుస్తోంది.
మొన్న బస్సు దగ్గర కనిపించి
నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుని
నమస్కారానికి బదులు
"ఎనభై ఒకటి, మేడం" అంది.

శుక్రవారం జీపొచ్చింది.
సూపర్‌వైజరు గారు చెడ్డమనిషి కాదు.
ఆవిడ చేతిలోనూ ఒక రిజిస్టరు,
ఆవిడ నెత్తి మీదా ఎవరిదో ఒక ముల్లు.
తవిటమ్మ ఏం చెప్పిందో గాని
తల్లులందరూ పని మానేసి గుమ్మంలో నిలబడ్డారు.
"ఈ నెల తూకాలు చూపించండి" అన్నారావిడ.

ఖాళీ కొక్కెం చూపించేను.
వాన లేదు, గాలి లేదు, ముల్లు కదల్లేదు.
పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చి
ఇరవై ఎనిమిదో వరస మీద వేలుపెట్టి అడిగేను:

నాలుగొందల గ్రాములండి.
పేరు ఏటని రాస్తారు?
పక్కన
తండ్రి పేరుకి కూడా గడి ఉంది.